డిస్టర్బ్: సకర్మక క్రియ

అమీర్‌పేటలో జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు.
రాత్రి ఎనిమిదింటి బ్యాచ్‌కి
గచ్చిబౌలి హోటల్లో గదులు సర్దే మణెమ్మ
యూనిఫామ్ మీదే వస్తుంది, ఫినాయిల్ వాసనతో.
సూపర్‌వైజర్ పోస్టుకి ఇంగ్లిష్ రావాలన్నారట.

"తలుపులకు తగిలిస్తరు గద సార్, అట్టముక్క.
దాని మీది మాటకు అర్థం జెప్పుండ్రి."

బోర్డు మీద రాశాను: డిస్టర్బ్.
తెనాలి నుంచి తెచ్చుకున్న నా తెలుగులో
కలత పెట్టు, భంగపరచు, చిందరవందర చేయు...
సుద్దముక్క అరిగింది గానీ
ఆమె ముఖంలో ఏదీ అతకలేదు.

"ఆగం జేసుడా?" అంది.

నిఘంటువు మూసేశాను.
అవును. ఆగం చేయడమే.

ఇక వాడుక.
ఇది సకర్మక క్రియ, మణెమ్మా.
చేసేవాడొకడు ఉండాలి, పడేవాడొకడు ఉండాలి.
'గాలి కాగితాలను డిస్టర్బ్ చేసింది.'
ఊరికే 'డిస్టర్బ్ అయింది' అనేసి తప్పుకోవడం
తెలుగులో మనం చూసుకున్న సుఖం.
చివర ఒక 'అయింది' తగిలిస్తే చాలు,
చేసినవాడు సందులోంచి మాయం.

నీ సొంత వాక్యం ఒకటి చెప్పు.

చాలాసేపు పెన్ను మూత కొరికింది.

"పోయిన వానలకు మూసీ ఇంట్లకొచ్చింది సార్.
బియ్యం డబ్బా తేలింది.
పిల్ల సర్టిఫికెట్లు పప్పులెక్క నానినయ్.
పరుపు ఇప్పటిదాంక ఆరలే.
ఇల్లు ఆగమైంది.
గిండ్ల చేసినోళ్లెవలు?
నీళ్లా?
జెప్పకుండ గేట్లెత్తినోళ్లా?
'ఆడ ఎందుకు కట్టుకున్నవ్' అన్నడు ఆఫీసరు.
ఆయన లెక్కల నేనేనా?"

కింద జిరాక్స్ మిషను
ఒకే కాగితాన్ని మళ్లీ మళ్లీ తీస్తోంది.
కర్త ఉండాల్సిన చోట గీత గీశాను.
ఖాళీని పూరింపుము అని రాయబోయి
చెయ్యి దించేశాను.
ఆ రోజు క్లాసు పది నిమిషాల ముందే వదిలేశాను.

మిగిలిన నోట్సు ఇద్దామని
ఆదివారం చాదర్‌ఘాట్ దిగువకు వెళ్తే
గడియ లేని తలుపుకి ఒక మేకు,
మేకుకి, రంగు వెలిసిందని హోటల్ వాళ్లు పారేసిన అట్టముక్క.

"మళ్లొస్తే మూసీ చదువుకోని పోతది సార్"
అని నవ్వింది.
గోడ మీద, ఆమె నడుమెత్తున, ఎండిన బురద గీత.

గాలికి అట్ట తిరగబడింది.
వెనకవైపు: ప్లీజ్ క్లీన్ మై రూమ్.

అది చదవడం మణెమ్మకి
నా దగ్గరికి రాకముందే వచ్చు.