చుట్టుకొకసారి

చక్రం తిప్పితే
చుట్టుకొకసారి, ఒకే చోట,
ష్‌ష్.
పళ్ల సందులో మామిడి పీచు ఇరుక్కున్నట్టు
పడుకున్నా చెవిలోనే ఉంటుంది.

షెఫీల్డ్‌లో మా వాక్లీ వీధులు
గోడకి ఆనించి మరిచిపోయిన నిచ్చెనలు.
ఇక్కడ బ్రేకు పట్టని సైకిలంటే
కింద పారే రివెలిన్ వాగు పేర రాసిన వీలునామా.

అందుకని పాత మౌంటెన్ బైకుకి
కొత్త డిస్కు బ్రేకులు కొన్నాను.
జర్మనీ నుంచి వచ్చాయి,
ముందు బ్రేకు ఎడమచేతి వైపు.
ఇక్కడ కుడిచేతికి ఉండాలి.
పైపులు విప్పి అటుదిటు మార్చాను.
రెండు చుక్కల నూనె షెడ్డు గచ్చు మీద,
మూడోది ఎక్కడ పడకూడదో
సరిగ్గా అక్కడ, ప్యాడు మీద.
కొత్త ప్యాడ్లు పద్నాలుగు పౌన్లు.
అడుసు తొక్కితే కాలు కడుక్కోవడానికి
ఇంత ఖర్చని ఏ సామెతా చెప్పలేదు.

తరవాత మొదలైంది, ష్‌ష్.

నేను ఆడియాలజిస్టుని.
రోజంతా మనుషుల్ని గాజుగదిలో కూర్చోబెట్టి
వినబడితే బటన్ నొక్కమంటాను.
ఈ వారమంతా షెడ్డులో
నొక్కడానికి బటన్ లేని మనిషిని నేనే.

క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి
లీవరు గట్టిగా పట్టుకుని
మళ్లీ బిగించాను. ష్‌ష్.
ఎప్పటిదో ఇళ్ల ఏజెంటు విజిటింగ్ కార్డు
డిస్కుకీ ప్యాడుకీ నడుమ దూర్చి బిగించాను.
ష్‌ష్.
టార్చి వేసి సందులోకి చూస్తే
ఇటు వెంట్రుకంత వెలుతురు, అటు లేదు.
బోల్టు పిసరంత తిప్పితే
అటు వెలుతురు, ఇటు లేదు.

శనివారం పక్కింటి స్టానిఫోర్త్
గోడ మీంచి తొంగిచూశాడు.
ముప్పై ఎనిమిదేళ్లు రంపాలు సానబట్టిన మనిషి.
చెప్పకూడదు గానీ, ఆయన వినికిడి గీత గీసింది నేనే.
నాలుగువేల హెర్ట్జ్ దగ్గర
మా వీధి లాగే కిందికి దూకుతుంది.
చెవిమెషీను పెట్టుకోమంటే
జేబులో పెట్టుకుంటాడు.

"ఏమంటోంది?"
"రాసుకుంటోంది, వినండి," అని
నాలుక కరుచుకున్నాను.

ఆయన నవ్వి, ముందు సైకిల్ని
తిన్నగా నిలబెట్టాడు.
"తలకిందులుగా పెట్టి ఏ రోగిని చూస్తావు, లవ్?"
ఈ ఊళ్లో బస్సు డ్రైవరూ అలాగే పిలుస్తాడు.

ఉంగరం వేలి కొస ఫోర్కు మీద ఆనించి
రెండో చేత్తో చక్రం తిప్పాడు.
కళ్లు మూసుకోలేదు. మా తులిప్పు మొక్కల్ని చూస్తున్నాడు.
రంపానికి ఒక్క పన్ను వంకరైనా
వేలికి తెలిసేదట, చెవులు పోయాక మరీను.

మూడో చుట్టుకి ఆపి
డిస్కు అంచున సుద్దముక్కతో గీత పెట్టాడు.
"క్యాలిపర్ ఏ పాపమూ ఎరగదు. ఇది విప్పు."

ఆరు బోల్టులు. నాలుగోదాని కింద
హబ్‌కీ డిస్కుకీ మధ్య
పెసర పొట్టంత మట్టిపెచ్చు.
ముందటి యజమాని ఏ గుట్ట మీంచి తెచ్చాడో.
దానికోసం నేను పై బోల్టుల్ని
వారం రోజులుగా శిక్షిస్తున్నాను.

తుడిచి, ముగ్గు చుక్కలు కలిపినట్టు
ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం.
తిప్పాం.
ఏమీ లేదు.
ఆయన వేలు ఇంకా ఫోర్కు మీదే ఉంది,
నా గదిలో ఎన్నడూ నొక్కని బటన్ మీద ఉన్నట్టు.

కొత్త ప్యాడ్లు అలవాటు పడాలంటే
ఇరవైసార్లు వేగంగా దిగి ఆపాలి.
సౌత్ రోడ్డు పక్క వాలులో, సన్న వానలో,
ఏడోసారికి డిస్కు తడిసి కీచుమంటే
రెండు వీధుల కుక్కలు లేచాయి.
గేటు దగ్గర స్టానిఫోర్త్ మాత్రం
తొణక్కుండా వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు.

వెనక చక్రం ఇంకా ఏదో అంటోంది.
ఆయనకి చెప్పలేదు.
సుద్దముక్క మాత్రం కిటికీలో
కనబడేలా పెట్టాను.