ఆరో భాగంలో గొడుగు

గురువారం సాయంత్రం బెల్మీరు కాఫీకొట్లో
మళ్ళీ ఆ గొడుగు తెరిచారు.

బయట సెతూబల్ రేవు మీద ఇంకా వాన లేదు.
ఇది ఆరో భాగంలో గొడుగు.
ఇన్‌స్పెక్టరు నల్లగొడుగుతో పడవెక్కుతాడు,
నది దాటి ఒట్టిచేతులతో దిగుతాడు.
మధ్యలో ఒక్క కోత, రెప్పపాటు.
ఆ రెప్పపాటులో ఇరవై ఆరేళ్ళుగా
కాపురముంటున్నారు వీళ్ళు.

"హంతకుడికి ఇచ్చేశాడు," అంటాడు బెల్మీరు గ్లాసు తుడుస్తూ,
"అందుకే పదో భాగంలో పాలవాడు తడవడు."
"పాలవాడు అసలు పడవెక్కితేగా!"
జుల్మీరా బల్ల మీద చక్కెర పొట్లాలతో పడవ కడుతుంది.
ఇది ఇంజను గది, ఇవి మెట్లు,
ఈ అగ్గిపుల్ల ఇన్‌స్పెక్టరు.
సార్డీన్ ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు డబ్బా మూతలు లెక్కపెట్టిన మనిషి.
మూత తగ్గితే లైను ఆపించేది,
గొడుగు తగ్గితే ఊరుకుంటుందా?

తెల్మూ పుట్టకముందే ఆగిపోయిన సీరియల్ ఇది.
ఫోన్లో ఆపి, జరిపి, ఆపి
తల ఎత్తకుండానే అన్నాడు:
"వెనకాల గడియారం చూడండి.
ఎక్కేటప్పుడు నాలుగూ పది. దిగేటప్పుడు మూడూ నలభై."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత అందరూ ఒకేసారి.

నేను మూల బల్ల దగ్గర.
దర్జీ ఎర్మెలిందా అంటారు నన్ను,
వీళ్ళెరిగిన నా పని అదే.
అంతకుముందు నా పని గుర్తుపెట్టుకోవడం.
ఏ చేతిలో గ్లాసు, ఎక్కడిదాకా కాలిన సిగరెట్టు,
ఏడ్చే ముందు ఎన్నో బొత్తాం విప్పి ఉంది,
అంతా నీలం అట్ట పుస్తకంలో.
షాటుకీ షాటుకీ మధ్య లోకం జారిపోకుండా
మేకులు కొట్టేదాన్ని.

ఆ రోజు ఒక మేకు మర్చిపోయాను.
రహస్యమేం లేదు. ఆకలేసింది.
రేవులో కటిల్‌చేప వేపుతున్న వాసన, సన్నటి తుంపర.
ఇన్‌స్పెక్టరు గొడుగు వేసుకునే వెళ్ళాను,
కొట్టు గోడకి ఆనించి తిన్నాను,
వేళ్ళు నాకుతూ తిరిగొచ్చాను.
పుస్తకంలో "గొడుగు: ఉంది" అని రాశాను.
చూడకుండా రాశాను.
నేనాడిన అబద్ధాల్లో అంత చిన్నది ఇంకోటి లేదు.
దేశమంతా కూచుని చూసింది దాన్నొక్కదాన్నే.

మర్నాడు కొట్టువాడే తెచ్చిచ్చాడు.
తిరిగి అప్పగిస్తే దొరికిపోతానని
ఇంట్లో తలుపు వెనక తగిలించాను.
కథకి కాళ్ళు లేవంటారు. నిజమే,
ఎవరు ఎక్కడ ఆనించి మర్చిపోతే అక్కడే ఉంటుంది పాపం.

చెప్పేద్దామని ఎన్నో గురువారాలు గొంతు సవరించుకున్నాను.
ఒకసారి బెల్మీరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.
ఇవాళ జుల్మీరా ఆ అగ్గిపుల్లని
చక్కెర మెట్ల మీదుగా ఎంత జాగ్రత్తగా ఎక్కించిందంటే
"ఆకలి" అన్న మాట నా నోట్లోనే నానిపోయింది.

అయితే ఆ గడియారం?
అది నేను సరిగ్గానే రాశాను.
ఒట్టు, రెండుసార్లు తలెత్తి చూసి మరీ రాశాను.
"తెల్మూ," అన్నాను, "ఇంకోసారి వెనక్కి జరుపు."
ఇన్నేళ్ళలో ఇక్కడ సీరియల్ గురించి నేనన్న మొదటి మాట.
కుర్చీ జరిపి చోటిచ్చారు.

ఏడింటికి వాన నిజంగానే దిగింది.
నా కుర్చీకి వేలాడుతున్న గొడుగు తీసుకుంది జుల్మీరా.
ఆ పిడిని ఫోన్లో పెద్దది చేసి చేసి
వందసార్లు చూసిన కళ్ళే అవి.
"వచ్చే గురువారం తెస్తానే!"
"చిన్న చిల్లుంది," అన్నాను.
"దేన్లో లేదు!" అంటూ వెళ్ళిపోయింది.

కాగితపు రుమాలు మీద రాసుకున్నాను:
గొడుగు, జుల్మీరా, కుడిచెయ్యి, ఏడూ ఇరవై.

ఈసారి వీధి మలుపుదాకా
చూసి రాశాను.