గీత మందం

హార్లింగెన్ రేవులో సాయంత్రం నాలుగు.
వాయవ్యం నుంచి గాలి లేచింది.
అర్ధరాత్రి పోటుకు కట్ట పొర్లుతుందా,
పొర్లితే ఏ వీధి దాకా,
హిల్ట్యే చెప్పాలి.

నీరు పల్లమెరుగు.
కంప్యూటరెరగదు.
దానికి ఊరిని గడులు గడులుగా కోసి పెట్టాలి.
ఒక గడి విడిచిన నీటిని
పక్క గడి ఖాతాలో రాయాలి,
చుక్క పోకుండా, చిల్లరకొట్టు పద్దులా.
ఒక్క అంగలో నీరు గడి దాటి దూకకూడదు.
గడి చిన్నదైతే అంగా చిన్నదే,
లెక్క మాత్రం తెల్లవార్లూ.

మొదట సొగసైన పద్ధతి పెట్టింది.
అల అంచు కత్తిలా వచ్చింది,
దాని వెనకే లేని అలలు,
గిన్నె మీద చెంచా తగిలాక ఆగని మోతలా.
రొట్టెల దుకాణం ముందు
మైనస్ నాలుగు సెంటీమీటర్ల నీరు!
నవ్వొచ్చింది. చెమటా పట్టింది.

కణాల పద్ధతి పెట్టు, అన్నాడు మీంటె.
ప్రతి బొట్టుకూ ఓ ఉనికి, ఓ ఇరుగుపొరుగు,
రాతికి కొట్టుకున్న నురగ కూడా కనిపిస్తుంది.
ఎంత బాగుందో!
పదకొండు గంటలు పడుతుందంది తెర.
పోటుకు ఆరే ఉన్నాయి.
మునిగాక వచ్చే నిజం ఎవరికి?

కాఫీ చల్లారిపోయింది.
చివరికి ముతక పద్ధతి.
ప్రవాహం ఎటునుంచి వస్తే
అటే తల తిప్పి చూస్తుంది, ఇంకేం పట్టదు.
లేనిదాన్ని పుట్టించదు.
ఉన్నదాన్ని అలుకుతుంది,
తడి చెయ్యి తగిలిన సిరాలా
నీటి అంచును నలభై మీటర్లు పులుముతుంది.

ఆ నలభై మీటర్లలోనే
డౌవె టెర్ప్‌స్ట్రా ఇల్లు,
పద్నాలుగు గొర్రెలు,
వాటికన్నా మొండి ఆయన.
"బయల్దేరండి," అంది ఫోన్‌లో.
"నీళ్లు మా గుమ్మం దాకా వస్తాయా?"
"తెలీదు. ఆ తెలీని చోటే మీరున్నారు."
కాసేపు గాలి హోరు.
తర్వాత గొర్రెల అరుపులు, ట్రక్కు తలుపు చప్పుడు.

పొద్దున్నే వచ్చాడు, బూట్ల నిండా బురద.
నీళ్లు గుమ్మానికి మూడడుగుల ముందే ఆగాయట.
తానే కొలిచాడట, రెండుసార్లు.
"నీ గీత మరీ లావు," అన్నాడు
బల్ల మీద జున్ను ముక్క పెడుతూ.
"సన్నగానే గీసేదాన్ని డౌవె,
సముద్రం ఇంకో ఐదు గంటలు ఆగుంటే."

ఆయన కిటికీలోంచి చూశాడు.
కట్ట మీద పీచు, విరిగిన పలక, ఒక ఎర్ర బకెట్టు.
ట్రక్కులో గొర్రెలు
ఇంకా అరుస్తూనే ఉన్నాయి.