ఒత్తు

ఆటోనగర్ మూడో క్రాస్ రోడ్డంతా
నీలిరంగు డబ్బా పట్టుకుని తిరిగాం, నేనూ ఏసోబూ.
మీరావలి వాడగా మిగిలిన డబ్బానే.
అడుగున ఎండీ ఎండని రంగుకి
మొదటి వందనోటు అంటుకుపోయింది.

ఏ షట్టర్ ముందు ఆగినా
పైన వాడి చేతిరాతే:
రేడియేటర్లు, కమాన్‌పట్టీలు, లేత్ వర్క్స్.
వాడి గొంతు పోతోందని
వాడి అక్షరాల కిందే నిలబడి చెప్పాలి.

పట్టీల కొట్టు వీరరాఘవులు
రెండువేలు లెక్కపెట్టి
"చందా కింద రాయకండి,
బోర్డు తాలూకు బాకీ. నాలుగేళ్లయింది" అన్నాడు
మా మొహాలు చూడకుండా.
నాకు నా షెడ్డు బోర్డు గుర్తొచ్చింది.
ఏసోబుతో ఏమీ అనలేదు.

రాత్రికి తేలింది
ముప్పై ఒక్క వేల నాలుగొందల డెబ్భై.
షంషాద్ వేళ్ల కణుపుల మీద కీమోలు లెక్కేసుకుని,
రెండో వేలు దగ్గరే ఆగి,
టీ పెట్టడానికి లేచింది.

మీరావలి నోట్లు ముట్టుకోలేదు.
డబ్బా ఇటు తిప్పి
నేను అంటించిన చీటీ చదివాడు:
సహాయ నిది.

చెవి మీది పెన్సిల్ తీసి
నా వైపు ఒకసారి చూసి
'ది' కింద
ఒత్తు పెట్టాడు.