కుంపటమ్మ

వంశధార కలిసేచోటుకి అవతల, ఏడు బారల నీళ్లలో
మూడు రోజులు నిలబడిందట ఆ యుద్ధనౌక.
పేరు చదవగలిగినవాళ్లు ఒడ్డున లేరు.
పొగ కక్కుతోంది గనక
కుంపటమ్మ అన్నారు కళింగపట్నంలో.

కరువు ఏడు. గింజలన్నీ గోదాముల్లో,
తాళాలు షావుకార్ల మొలల్లో.
ఫిరంగి మూతి ఊరి వైపు తిరిగి ఉందట.
లంగరేసిన ఓడ గాలివాటుకి తిరుగుతుంది, అంతే,
అనేవాడు మా నాన్న.
మూడు రోజులూ ఒకటే గాలేటి, అనేది మామ్మ.

లోతు చూడ్డానికి మా తాతకి తాత
సూరాడ దానయ్యని పిలిచారు.
నారతాళ్లతో కుట్టిన పడవ అతనిది.
మేకులేవీ అని పైనుంచి వంగి అడిగాడు దొర.
"మేకులుంటే కెరటం ఊరుకుంటాదేటి బావూ,
ఒంగందాన్ని ఇరిసేస్తాది."
దుబాసీ ఏమని చెప్పాడో గాని
దొర మొహం గంటుపెట్టుకున్నాడు.

వాళ్లు సీసపు గుండు తాడు కట్టి దించారు.
దానయ్య రెండు చేతులూ బారజాపి చూపించాడు:
ఇంత. ఇలాంటివి ఏడు.
లెక్కలు కలిశాయట. మా ఇంట్లో ఇప్పటికీ
అదో గొప్ప.

తర్వాత ఏమైందని నేను వెతికాను.
ఆ ఏళ్లలో ఈ సముద్రం మీద తిరిగినవి చాలా,
మాది ఏదో తేలలేదు.
పోనీ, అన్నిటి జాతకమూ ఇంచుమించు ఒకటే.
ఎక్కడో బురదేటి ఒడ్డున పుట్టడం,
సారా సీసా పగలగొట్టి ఓ దొరసాని పేరు పెట్టడం,
ఆవిరిని పూర్తిగా నమ్మలేక
తెరచాపలు కూడా మోయడం.
బానిసల పడవల్ని తరిమి బంధాలు విప్పించడం ఒక ఏడు,
పన్ను కట్టని ఏ దీవిలోనో
తాటాకు కప్పులు కాల్చడం మరో ఏడు.
రెండింటికీ ఒకే రకం పతకాలు.
ఆ మీద జ్వరాలు, తుప్పు,
కొత్త ఓడల పక్కన చిన్నతనం.
చివరికి స్తంభాలు నరికి, ఫిరంగులు దించి
ఏదో పరాయి రేవులో బొగ్గుల కొట్టుగా కట్టేయడం.

మామ్మకి చెబితే చాలాసేపు నవ్వింది,
కుంపటమ్మ బొగ్గులమ్మైందా అని.
తర్వాత వత్తి తగ్గిస్తూ,
"పాపం, ఆడకూతురు" అంది.

దానయ్యకి కూలి డబ్బులివ్వలేదు.
ఒక ఇత్తడి గుండీ ఇచ్చారు, లంగరు బొమ్మది.
మగపిల్లల మొలతాళ్లకి వేలాడుతూ
దిష్టిపూసల మధ్య ఐదు తరాలు దిగింది.
నేను ఒకసారి మింగేశాను కూడా.
రెండు రోజులు ఇల్లంతా ఎదురుచూసింది,
నా కోసం కాదు.

ఇప్పుడు అరిగి నున్నగా అయిపోయింది.
బొటనవేలితో రాస్తే మాత్రం
ఒకచోట కొంచెం ఎత్తుగా తగులుతుంది.
లంగరో, మట్టో.