కలుగు వడ్లు

కొమ్మమూరు కాలువ గట్టు మీద
నా బండి ఆగగానే పిల్లలు అరుస్తారు:
"కార్డుల ఫాదరొచ్చాడు!"
ఆధార్ కార్డు, రేషన్ కార్డు, కుల ధృవపత్రం.
మూడేళ్లుగా ఈ గట్టుకి నేను మోసుకొచ్చిన సువార్త ఇంతే.

"యానాదులని రుజువేంటి?"
అడిగాడు మండలాఫీసులో గుమాస్తా.
చౌటూరి పెంచలమ్మ ఏమీ అనలేదు,
పొగబుర్ర పట్టి పట్టి బొబ్బలు గట్టిపడ్డ
అరచేతులు రెండూ బల్ల మీద పరిచింది.
అతను కాగితం కావాలన్నాడు.
పద్నాలుగు సార్లు తిరిగాం, ఆ కాగితానికి.

కార్డులయ్యాక నోటు పుస్తకం తీశాను.
మా యేసు సభ పెద్దలు అన్నారు,
మాటలు పోతున్నాయి, పోగుచెయ్యమని.
చేను కోశాక మోడుల మధ్య ఆమె వెనకే నడుస్తూ
ఎలుక ఇంటికి ఆమె పెట్టిన పేర్లు రాసుకున్నాను:
పిల్లలు పెట్టేది పురిటి కలుగు.
వెన్నులు దాచేది గాదె కలుగు.
పైన పల్చగా మన్ను కప్పి
పారిపోవడానికి ఉంచుకునేది దొంగ వాకిలి.
"ముందు దాన్ని కనిపెట్టాల ఫాదరూ.
అది తెలియనోడు ఊరికే పొగ ఊది
కళ్లు మండించుకుంటాడు."

ఆగస్టులో గుంటూరులో ఆదివాసీ దినోత్సవం.
నాటకాల సామాన్ల కొట్టు నుంచి
రంగు ఈకల కిరీటాలు అద్దెకొచ్చాయి,
ఒక్కోటి నూట ఇరవై.
రసీదు మీద సంతకం నాదే, దాచను.
పెంచలమ్మ ఒకటి చేతిలో తిప్పి చూసి
"మేం కోళ్లం ఎప్పుడయ్యాం?" అంది.
దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి
వెలిసిన చీరలోనే మైకు ముందుకు పోయింది.

*గుప్పెడు ఉంచవే అక్కా, కలుగులో గుప్పెడు ఉంచవే,*
*ఆకలేసిన కూనలకు అదీ అమ్మే కదవే...*

సగంలో ఆపేసింది.
"మిగతాది మనిషి పోయినప్పుడే."
దిగిపోయింది.
చప్పట్లు ఆలస్యంగా, సందేహంగా వచ్చాయి.

తిరుగు దారిలో వ్యాను కిటికీకి తల ఆనించి
ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది:
"మాయమ్మ ఈ పాట పాడతానే తవ్వేది.
కలుగు వడ్లు అరకుంచం దొరికినయ్యని
దొంగని కట్టేశారు దాన్ని.
దుగ్గిరాల అవతల, గాదె వాళ్ల కళ్లంలో,
మేడిగుంజకి. పొద్దుగూకేదాకా."

నా పేరు గాదె శౌరయ్య.
ఆ మేడిగుంజకి
చిన్నప్పుడు నేను ఉయ్యాల కట్టుకున్నాను.

రోజును వెనక్కి తిప్పి చూసుకోవడం
రాత్రి ఆత్మశోధనలో మా అలవాటు.
ఆ రాత్రి అది ఒక్క రోజు దగ్గర ఆగలేదు.
తాత మీసం, తాత జపమాల,
క్రిస్మస్‌కి వడ్ల బస్తా గుడికి మోయించిన తాత.
ఆ బస్తాలో ఆ అరకుంచమూ ఉండి ఉంటుంది.

ఎందరి పాపసంకీర్తనాలో విన్నాను, తెర చాటున.
నాది చెప్పుకోవడానికి తెల్లారి గట్టెక్కాను.
ఆమె పరిగెలు కడుగుతోంది.
చెప్పాను.
చేపల మీంచి చెయ్యి తియ్యలేదు.
"తెలుసులే.
మొదటి కార్డు మీద నీ సంతకం
నా మనవరాలు చదివి చెప్పింది."

"మరి ఇన్నాళ్లూ మాటలెందుకు ఇచ్చావమ్మా?"

"నీ దొంగ వాకిలి యాడుందో చూద్దామని."

కాలువలో గుర్రపుడెక్క మెల్లగా కదిలింది.
నేను కదల్లేదు.
కాసేపయ్యాక ఆమె కత్తిపీట నా వైపు జరిపి
"కూచో, పొలుసు గీకడం వచ్చా?" అంది.
రాదు. ఇప్పటికీ సరిగా రాదు.

పుస్తకం అచ్చుకి పోయింది.
బెజవాడ ప్రెస్సు నుంచి ఫోను:
"ఫాదర్, పాట సగమే ఉంది,
కింద పేజీ అంతా ఖాళీ. ఏదైనా బొమ్మ వేద్దామా?"

వద్దన్నాను. ఉండనీ.
కలుగులో గుప్పెడు.