ఆరు గంటల వెలుతురు

డ్రైడాక్‌లో ఓడల పొట్టలు గీకిన చేతులివి.
ఇరవై రెండేళ్ళు.
నీళ్ళన్నీ తోడేశాక
దిమ్మల మీద ఒరగకుండా కూర్చున్న ఇనప కొండ కింద
మెడ వెనక్కి విరిచి నిలబడి
సముద్రం అంటించి పంపిన పచ్చదనాన్నంతా
గుల్లలతో సహా నెత్తిన రాల్చుకున్నాను.
ఇప్పుడు రెండడుగుల గాజుతొట్టి ముందు
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

డాబాగార్డెన్స్‌లో పళ్ళ డాక్టరు ఆస్పత్రి ఎత్తేస్తూ
"పట్టుకుపో పరసయ్యా" అన్నాడు.
ఆటోలో, మోకాళ్ళ మీద,
కాన్వెంట్ జంక్షన్ గతుకులన్నీ నేనే తిన్నాను, దానికి తగలనివ్వలేదు.
పూర్ణామార్కెట్ వెనక సందులో మొక్కలు కొన్నాను.
రిబ్బన్ల లాంటివి నాలుగు,
రాయికి దారంతో కట్టిన జావా నాచు ఒకటి, నూట ఇరవై రూపాయలు.
"నాచుకి డబ్బులిచ్చినోడివి ఈ ఊళ్ళో నువ్వొక్కడివే"
నీలవేణి వారం నవ్వింది.

తర్వాత డబ్బులివ్వని నాచు వచ్చింది.

ముందు గాజు మీద, పలచగా,
వేడి టీ మీదికి వంగినప్పుడు కళ్ళద్దాలకు పట్టే ఆవిరిలా.
తర్వాత ఆకుల అంచున నల్లటి నూగు,
టెన్త్ కుర్రాడి మీసమంత.
తర్వాత దారాలు. పాత బ్రష్షుకి చుడితే
గుప్పెడు, మర్నాడు మళ్ళీ గుప్పెడు.
గీకాను. గడువు తీరిన క్యాంటీన్ కార్డుతో గీకాను.
ఓడకైతే ఎర్రరంగు పూస్తాం, విషం కలిపిన రంగు,
ఏళ్ళ తరబడి ఏదీ దగ్గరికి రాదు.
ఇక్కడ ఏం పూస్తాను?
లోపల పదకొండు చేపలు
నా లుంగీ గళ్ళు కనపడితే చాలు ముందుకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.

దుకాణంలో తహసీన్ వల కడుగుతూ అడిగింది:
"లైటు ఎన్ని గంటలు, బాబాయ్?"
లేచింది మొదలు పడుకునేదాకా.
"మేత?"
అవి అడిగినప్పుడల్లా.
"అవి ఎప్పుడు అడగవు?"
నేను కాసేపు ఆలోచించాను.
"కిటికీ ఎటేపు?"
సముద్రం వేపు. పొద్దున్నే ఎండ తిన్నగా తొట్టిలోకే.
"మరింకేటి. నువ్వు వండి వడ్డిస్తన్నావు, అది తింటోంది."

ఆరు గంటలన్నది. గడియారం బిళ్ళ ఒకటి ప్లగ్గుకి తగిలించాను,
ఐదుకి వెలుగు, పదకొండుకి చీకటి.
కిటికీకి పాత కేలెండరు అంటించాను.
చిటికెడు మేత, అందులో సగం.
శనివారం చేపలకీ ఉపవాసమే.
ఆదివారం మూడోవంతు నీళ్ళు తీసి
రాత్రంతా బక్కెట్లో నిలవుంచిన కుళాయి నీళ్ళు పోశాను.
తొందరగా పెరిగే మొక్క ఒకటిచ్చింది తహసీన్,
"దీని ఆకలి ముందు నాచు నిలవదు" అంటూ.

చివరికి దుప్పటి. మూడు పగళ్ళు, మూడు రాత్రులు.
"ఇంట్లో ఎవరో పోయినట్టుందయ్యా" అంది నీలవేణి.
మొక్కలు చచ్చిపోవా అని ఫోన్ చేసి అడిగాను.
"చావవు. వాటికి వేళ్ళలో, కాడల్లో కొంచెం దాపకం ఉంటాది.
నాచుకి ఏ రోజు తిండి ఆ రోజే."

ఫోన్ పెట్టేశాక కూడా చెవిలో ఉండిపోయింది ఆ మాట.

ఆ పెద్ద తుఫాను ఏడాది
ఊరంతా కరెంటు లేక, చెట్టుకి ఆకు లేక,
డాక్ గేటుకి తాళం.
పర్మనెంటు వాళ్ళకి నెల తిరిగితే జీతం పడింది.
మస్టర్ రోల్ వాళ్ళం, ఏ రోజు కూలి ఆ రోజు తిన్నవాళ్ళం,
నాలుగో రోజుకే పాలిపోయాం.
బండెయ్య గొలుసు తాకట్టు పెట్టాడు. నేను సైకిలు.

నాలుగో పొద్దున దుప్పటి తీశాను.
గాజు తేటగా ఉంది. చేపలు కాస్త అలిగి వెనకే నిలబడ్డాయి.
నాచు బూడిదరంగుకి తిరిగి
ముట్టుకుంటే ఊడి వచ్చింది,
ఒక్క గీత కూడా గీకనక్కర్లేకుండా.
గొట్టం పెట్టి లాగేశాను. బక్కెట్టు సగం.

వెనక గోడ మీద మాత్రం
అరచెయ్యంత పచ్చ ఇంకా బతికే ఉంది.
కార్డు తీశాను. లోపల పెట్టాను.
నత్తకి ఉంచానని నీలవేణికి చెప్పాను.

రెండు వారాలైంది.
నత్త ఇంకా అటువైపు రాలేదు.